ఒంటికి పట్టడం

లావు గురించి మన ఇళ్ళలో రెండు సిద్ధాంతాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఒకటి, నోరు కట్టుకోవడం. నువ్వు లావెక్కావంటే నోరు కట్టుకోలేదని అర్థం, నోరు కట్టుకోలేదంటే నీకు నిగ్రహం లేదని అర్థం. రెండోది, ఒంటికి పట్టడం. కొందరికి ఎంత తిన్నా ఒంటికి పట్టదు, కొందరికి గాలి పీల్చినా పడుతుంది. ఇందులో మనిషి తప్పేమీ లేదు, అది ఒంటి తత్వం. ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి, ఒక్కోసారి ఒకే పూట వస్తాయి. కాకపోతే ఎవరికి ఏది వర్తిస్తుందన్న విషయంలో మాత్రం ఎప్పుడూ పొరపాటు జరగదు. సన్నగా ఉన్నవాళ్ళకి రెండోది, లావుగా ఉన్నవాళ్ళకి మొదటిది.

మా ఇంట్లో చెరో సిద్ధాంతానికీ చెరో ఉదాహరణ ఉండేది. అక్క, నేను. ఇద్దరికీ రెండేళ్ళ తేడా. ఒకే వంట, ఒకే బడి, నడిచి వెళ్ళే రోడ్డు కూడా ఒకటే. అక్క ముద్దపప్పులో గరిటెడు నెయ్యి పోసుకున్నా చీపురుపుల్లలా ఉండేది. "దానికి ఒంటికి పట్టదమ్మా, పాపం" అనేది నాయనమ్మ. నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటే మాత్రం "పందికొక్కులా మేస్తోంది చూడు" అని నవ్వేది. కోపం కాదు, ముద్దే. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ ముద్దు నాకు గుచ్చుకోవడం మొదలైంది.

పందికొక్కు మనం ప్రపంచానికిచ్చిన మాట. ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ మన పందికొక్కే. తిండిపోతుని పందికొక్కు అంటాం, లావుగా ఉంటే ఏనుగుగున్న అంటాం, కదలకపోతే దున్నపోతు అంటాం. మనిషి లావుని అర్థం చేసుకోవడానికి ఒక జంతువుని తెచ్చి పక్కన నిలబెట్టడం సైన్సు కొత్తగా కనిపెట్టిందేమీ కాదన్నమాట. ఇంకో తమాషా ఏంటంటే, పాత తెలుగులో లావు అంటే బలం. మొసలి పట్టులో గజేంద్రుడు పోగొట్టుకున్నది అదే. ఆ మాట బలం నుంచి బరువుకీ, బరువు నుంచి ఎగతాళికీ ఎప్పుడు దిగిందో గానీ, నా దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా దిగిపోయింది.

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. రెండేళ్ళు చేశాను. పని చెప్పుకోవడానికి పెద్దగా ఉంటుంది: ఊబకాయం, మధుమేహం మీద పరిశోధన. చేతుల్లోకి వచ్చేసరికి, చిట్టెలుకల్ని తూచడం. ప్రతి సోమవారం ఒక్కొక్కదాన్నీ తోక మొదట్లో పట్టుకుని ప్లాస్టిక్ డబ్బాలో వేసి, తూకం నిలబడేదాకా ఆగి, రిజిస్టర్‌లో రాయాలి. అది ఎంత తిన్నదో కూడా రాయాలి. వేసిన గుళికల బరువులోంచి మిగిలిన గుళికల బరువు తీసేయడమే. వినడానికి తేలిక. కానీ కొవ్వు గుళికలు మెత్తగా ఉండి, కొరికినప్పుడల్లా పొడై వరిపొట్టులో కలిసిపోయేవి. ఆ పొడిని ఏరి తూచడం దగ్గరే నాకు సైన్సంటే ఏంటో తెలిసింది.

ఎలుకలు రెండు గుంపులు. ఒకదానికి మామూలు గుళికలు. రెండోదానికి నీలం రంగు వేసిన గుళికలు. ఆ నీలం వాటిలో 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వస్తాయి, అందులోనూ ఎక్కువ పంది కొవ్వు. ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడైపోతాయి, ముట్టుకుంటే వేళ్ళు జిడ్డవుతాయి. పది పన్నెండు వారాలు అవి తిన్న ఎలుకల్ని చేతిలోకి తీసుకుంటే బరువు అరచేతికే తెలిసేది. రక్తంలో చక్కెర పెరిగేది, ఇన్సులిన్ పెరిగేది, కోసి చూస్తే కాలేయం పాలిపోయి ఉండేది. తిండి మారిస్తే ఒళ్ళు మారుతుంది. నోరు కట్టుకోమన్న సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కానీ రిజిస్టర్ ఇంకో సంగతి కూడా చెప్పేది. ఈ ల్యాబ్ ఎలుకలు తరతరాలుగా అన్నాచెల్లెళ్ళ మధ్య సంపర్కంతో పెంచినవి. వాటి జన్యువులు దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే. గది ఒకటే, తిండి ఒకటే, వయసు ఒకటే. అయినా పదింటికి ఒకటో రెండో నీలం గుళికలే తింటూ సన్నగానే ఉండిపోయేవి. ల్యాబ్‌లో వాటిని 'రెసిస్టెంట్' అనేవాళ్ళు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది. కవలలకంటే దగ్గరగా ఉన్నవాటికే ఒకదానికి పట్టి ఒకదానికి పట్టకపోతే, మా ఇద్దరి మధ్య ఉన్న తేడాకి నేను ఇన్నేళ్ళూ సంజాయిషీ ఎందుకు చెప్పుకున్నట్టు?

ఈ ప్రశ్నని నాకంటే చాలా ముందు ఒక చిట్టెలుక అడిగింది. 1949లో అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీలో విపరీతంగా లావెక్కిన ఎలుకలు కొన్ని పుట్టాయి. ఎవరూ వాటికి ప్రత్యేకమైన తిండి పెట్టలేదు. ఒక్క జన్యువులో వచ్చిన మార్పు అది. ఆ జన్యువుకి 'ఓబీ' అని పేరు పెట్టారు. ఆ ఎలుకలు తినడం ఆపవు. చూసేవాళ్ళకి తిండిపోతులే. అయితే వాటికి సన్నటి ఎలుకలు తిన్నంతే కొలిచి పెట్టినా, అవి సన్నటివాటికంటే ఎక్కువ కొవ్వే కూడబెట్టాయి. నోరు బలవంతంగా కట్టేసినా ఒంటికి పట్టడం ఆగలేదన్నమాట.

అదే ల్యాబ్‌లో డగ్లస్ కోల్మన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఇంకా విచిత్రమైనది. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది కూడా. 1966లో అక్కడే ఇంకో రకం లావు ఎలుక బయటపడింది. దానికి మధుమేహం కూడా తీవ్రంగా ఉండేది కాబట్టి 'డీబీ' అన్నారు. కోల్మన్ రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చర్మం కలిపి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదాంట్లోకి పారేలా చేశాడు. డీబీ ఎలుకకి మామూలు ఎలుకని కలిపితే, మామూలు ఎలుక తిండి మానేసి చనిపోయింది. ఓబీ ఎలుకని కలిపితే అంత తిండిపోతూ తిండి మానేసింది. ఎదురుగా తిండి ఉంది. ఆకలి లేదు. అది కడుపు మాడి చచ్చిపోయింది. పక్కనున్న డీబీ ఎలుక మాత్రం లావెక్కుతూనే ఉంది.

దీన్నిబట్టి కోల్మన్ ఒక ఊహ చేశాడు. రక్తంలో 'ఇక చాలు' అని చెప్పే పదార్థం ఏదో ఉంది. ఓబీ ఎలుక దాన్ని తయారు చేసుకోలేదు, కానీ ఇస్తే వింటుంది. డీబీ ఎలుక బోలెడంత తయారు చేస్తుంది, కానీ దాని మెదడు వినదు. 1973లో ఈ మాట రాశాడు. రుజువు దొరకడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువుని పట్టుకుంది. అది తయారు చేసే హార్మోన్‌కి లెప్టిన్ అని పేరు పెట్టారు. సన్నన అన్న అర్థమిచ్చే గ్రీకు మాటలోంచి వచ్చిన పేరు. దాన్ని తయారు చేసేది కొవ్వు కణాలే. అప్పటిదాకా ఒంట్లో పడున్న మూటలాంటిదనుకున్న కొవ్వు మెదడుతో మాట్లాడుతోందని తేలింది.

1997లో ఈ ఎలుకల కథ మనుషుల దగ్గరికి వచ్చింది. ఇంగ్లండ్‌లో పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలో ఇద్దరు పిల్లలు, దగ్గరి బంధువులు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు, రెండేళ్ళ బాబు 29 కిలోలు. అలాంటి పిల్లలు కనబడితే లోకం ముందు అనేది తల్లిని. కేంబ్రిడ్జ్‌లో సదాఫ్ ఫారూకీ, స్టీఫెన్ ఓరాహిలీ బృందం వాళ్ళ రక్తం పరీక్షిస్తే లెప్టిన్ దాదాపు లేదు. ఓబీ ఎలుకలో చెడిన జన్యువే ఇక్కడా చెడింది. ఆ పాపకి లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఎవరూ ఆమెకి నిగ్రహం నేర్పలేదు. లేని హార్మోన్‌ని అందించారు, ఆకలి తనంతట తనే మామూలైంది.

ఈ పేపర్ నేను ల్యాబ్‌లో లంచ్ టైమ్‌లో చదివాను. డబ్బాలో నేను తెచ్చుకున్నవి రెండు పుల్కాలు, సొరకాయ కూర. అది చదివాక ఆ పుల్కాలు నాకు కొత్తగా కనిపించాయి.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. నాకూ ఏదో జన్యువు చెడిందని కాగితం మీద రాయించుకుని నాయనమ్మకి చూపించేదాన్ని. కానీ ఆ పిల్లల్లాంటివాళ్ళు ప్రపంచం మొత్తం మీద అతి కొద్దిమంది. మామూలుగా లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ తక్కువేమీ ఉండదు, ఎక్కువే ఉంటుంది. మెదడే దాని మాట సరిగ్గా వినదు. అందుకే లెప్టిన్‌ని బరువు తగ్గించే మందుగా అందరికీ ఇద్దామనుకున్నవాళ్ళకి నిరాశే మిగిలింది. ఎలుక చెప్పింది నిజమే. కాకపోతే మన ఆకలిలో అది చెప్పగలిగింది కొంత మాత్రమే.

ఆ కొంత ఎంత అన్నది తేల్చుకోవడానికి ఎక్కడో అమెరికా దాకా పోనక్కర్లేదు. మా ల్యాబ్ నుంచి సిటీ బస్సెక్కితే తార్నాక. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళ కొండల్లో, కూనూర్‌లో, బెరిబెరి జబ్బు మీద విచారణకి ఒక చిన్న విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. కూనూర్ రోజుల్లో దాన్ని నడిపిన రాబర్ట్ మెక్కారిసన్ ఎలుకలకి మన దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలు పెట్టి పెంచాడు. సిక్కుల భోజనం తిన్న ఎలుకలు బాగా ఎదిగాయి: గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పులు, కూరగాయలు. తెల్లన్నం మీద బతికే మద్రాసీ భోజనం తిన్న ఎలుకలు అన్నిటికంటే చిన్నగా మిగిలాయి. అప్పటికి మా తెనాలి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే ఆ చిక్కిపోయిన ఎలుకల కంచంలో ఉన్నది ఇంచుమించు మా ముత్తాతల అన్నమే.

ఆ సంస్థ దశాబ్దాల తరబడి చదివింది ఆకలిని, కొరతని. బెరిబెరి, జొన్నలు తినేవాళ్ళలో వచ్చే పెల్లాగ్రా, పిల్లల్లో మాంసకృత్తుల లోపం. వాళ్ళ దగ్గర 1920ల నుంచీ పెంచుకొస్తున్న విస్టార్ ఎలుకల వంశం ఒకటి ఉంది. 1990ల్లో ఆ వంశంలోనే, ఎవరూ అడక్కుండా, లావు ఎలుకలు పుట్టాయి. 1996లో వాటి గురించి ప్రకటించారు. డబ్ల్యూఎన్ఐఎన్ ఓబీ అని పేరు. పుట్టినప్పుడు మామూలుగానే ఉంటాయి. నెల దాటాక తేడా తెలుస్తుంది. విపరీతంగా తింటాయి, రక్తంలో ఇన్సులిన్, కొవ్వులు ఎక్కువ, పిల్లలు పుట్టవు, కంట్లో శుక్లాలు వస్తాయి, తొందరగా పోతాయి. లెప్టిన్ లేకపోవడం కాదు వాటి సమస్య, అది వాటిలో ఎక్కువే ఉంది. అంటే మనలాగే. ఆ తర్వాత అదే వంశంలో చక్కెరని సరిగ్గా వాడుకోలేని ఇంకో రకం కూడా వచ్చింది.

ఆకలి మీద పని చెయ్యడానికి పెంచిన ఎలుకల ఇంట్లోనే లావు పుట్టిందన్న ఈ విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. నాయనమ్మ గంజి తాగి పెరిగింది. ఆమె చేతుల మీద పెరిగిన నాన్నకి నలభై ఏళ్ళకే షుగరు. అమ్మకి యాభైకి వచ్చింది. మా వీధిలో షుగరు లేని ఇల్లు లేదు. వీళ్ళలో చాలామంది లావు కూడా కాదు.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఫొటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరూ సన్నగానే ఉన్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అక్క ఎప్పుడైనా తన కొవ్వు శాతం చూపించుకుందో లేదో నాకు తెలీదు. పైకి కనబడకుండా ఒంటికి పట్టడం కూడా ఉంటుందని చెప్పినప్పుడు, నన్ను ఓదార్చడానికి చెబుతున్నాననుకుంది.

ఎందుకిలా అన్నదానికి మళ్ళీ ఎలుకలనే అడిగారు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆనందవర్ధన్ హార్డికర్, ఆయన సహచరులు పుణెలో 50 తరాల పాటు సగం తిండితో పెంచిన ఎలుకల్ని పరీక్షించారు. చిన్నగా పుట్టాయి, పొట్టలో కొవ్వు చేరింది, ఇన్సులిన్ పెరిగింది. తర్వాత రెండు తరాల పాటు కడుపు నిండా తిండి పెట్టారు. అయినా ఆ లోపాలు సర్దుకోలేదు. మనుషుల లెక్కలో 50 తరాలంటే వెయ్యేళ్ళ పైమాటే. ఏ మనుషులూ అన్ని తరాలు ఏకధాటిగా సగం తిండితో బతికి ఉండరు, కాబట్టి ఎలుక లెక్కని తెచ్చి మన మీద అలాగే అతికించలేం. కానీ 1833లో గుంటూరు సీమని ఊడ్చేసిన నందన కరువు, 1876లో మొదలైన ధాత కరువు కాగితాల మీది తేదీలు మాత్రమేనా, లేక వాటి గుర్తు ఏదో మన ఒళ్ళలో ఇంకా ఉందా అన్న ప్రశ్న ఆ ఎలుకలు వేశాక తీసిపారేయడం కష్టం.

ఇన్ని చెప్పాక, ఎలుకలు చెప్పలేనివి కూడా చెప్పాలి. వాటి దగ్గర రెండేళ్ళున్నదాన్ని కాబట్టి ఇది నా పూచీ.

మే నెలలో బయట 42 డిగ్రీలుంటే నేను స్వెటర్ వేసుకుని ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. 22 డిగ్రీలు మనుషులకి హాయి. చిట్టెలుకకి చలి. దానికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. అంటే ప్రపంచంలోని చాలా ల్యాబుల్లో చిట్టెలుకలు తిన్నదాంట్లో పెద్ద భాగం ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చు పెడుతుంటాయి. ఇక 'మామూలు' గుంపు అని మనం పోల్చి చూసేవి కూడా పొద్దస్తమానం పంజరంలో కూర్చుని, ఎప్పుడంటే అప్పుడు తింటూ, కదలకుండా ఉండే ఎలుకలే. ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టుకున్నవే అంత ఆరోగ్యంగా లేవని 2010లో ఒక పేపర్ గట్టిగానే గుర్తుచేసింది.

ఈజిప్టు ఎడారుల్లో ఒక రకం ఇసుక ఎలుక ఉంది. దాని శాస్త్రీయ నామంలోనే 'ఒబేసస్' ఉంది. అక్కడ ఉప్పు మొక్కల ఆకులు తిని చక్కగా బతుకుతుంది. 1960ల్లో దాన్ని ల్యాబుకి తెచ్చి మిగతా ఎలుకలకి పెట్టే మామూలు గుళికలే పెడితే షుగరొచ్చింది. దాని ఒళ్ళు చెడ్డదా, ఆ తిండి చెడ్డదా? రెండూ కాదు. ఆ ఒంటికి ఆ తిండి పడలేదు. ఊరి నుంచి నగరానికి వచ్చిన మన తరం మీద ఇంత తక్కువ మాటల్లో చెప్పిన వ్యాఖ్య నేను ఎక్కడా చదవలేదు.

1976లో ఇంకో ప్రయోగం జరిగింది. ఎలుకలకి గుళికలకి బదులు సూపర్ మార్కెట్ సరుకు పెట్టారు: చాక్లెట్ కుకీలు, సలామీ, చీజ్, అరటిపండు, కండెన్స్‌డ్ మిల్క్, పీనట్ బటర్. గుళికలు తినే వాటికంటే ఎన్నో రెట్లు ఒళ్ళు చేశాయి. రుచి మారుతూ ఉంటే ఆకలి తీరినా నోరు ఆగదని దాన్నుంచి తెలుస్తుంది. కానీ ఆ పంజరంలో కూడా మేనత్త లేదు. "ఏం తిన్నావే, ఇంకో రెండు పూర్ణాలు వేసుకో, నా మీద ఒట్టు" అని వడ్డించి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి "మరీ లావయ్యావే, సంబంధాలు చూడాలి కదా" అనే మనిషి లేదు. పెళ్ళిచూపులు లేవు, బట్టల కొట్లో "మీ సైజు లేదండీ" అనే అబ్బాయి లేడు, ఆ రాత్రి గది తలుపేసుకుని తినే చిప్స్ ప్యాకెట్ లేదు. సిగ్గుని కలిపిన గుళికలు ఏ కంపెనీ తయారు చెయ్యదు.

సిగ్గుని తూచలేకపోయినందుకు, దిగులుని చూడలేకపోయినందుకు ఒకసారి మూల్యం కూడా చెల్లించాం. రిమోనాబాంట్ అని ఒక మందు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. 2006లో యూరప్‌లో అమ్మకానికి వచ్చింది. వాడిన మనుషుల్లో కొందరికి తీవ్రమైన దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడంతో 2008లో ఆపేశారు. ఎలుక తూకం తగ్గింది. దాని మనసెలా ఉందో తూకం డబ్బా చెప్పదు.

ప్రాజెక్టు చివర్లో ఏం జరుగుతుందో కూడా రాయాలి. ల్యాబు భాషలో దాన్ని 'శాక్రిఫైస్' అంటారు. తెలుగులో చెబితే బలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, నొప్పి తక్కువగా ఉండే పద్ధతి ఉంటుంది, ఎన్ని ఎలుకలు అవసరమో ముందే లెక్క కట్టి రాయాలి. అన్నీ పాటించాం. ఆ రోజు పొద్దున్నే మత్తు ఇచ్చి, రక్తం తీసి, ప్రాణం పోయాక పొట్టలోని కొవ్వుని చిన్న కత్తెరతో విడదీసి తూచాం. లావు ఎలుకల కొవ్వు తెల్లగా, పట్టులా మెరుస్తూ ఉంటుంది. అసహ్యంగా ఉండదు. నా పొట్టని అద్దంలో చూసుకుని అసహ్యపడ్డ ఏళ్ళన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఆ కొవ్వు దాని పని అది చేసింది. వచ్చినదాన్ని దాచిపెట్టింది.

ఆ రిజిస్టర్ ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది. నంబరు, తేదీ, బరువు, తిన్న తిండి, రిమార్కులు. రిమార్కుల గడిలో 'కుడి చెవికి గాయం' అనో, 'పంజరం మార్చాం' అనో రాసేవాళ్ళం. రెండేళ్ళలో ఎవరూ ఏ ఎలుక గురించీ 'బద్ధకస్తురాలు' అని రాయలేదు, 'నోరు కట్టుకోదు' అని రాయలేదు. ఎందుకు రాస్తారు? లావెక్కిన ఎలుకని చూడగానే ఎవరైనా అడిగేది, దీనికి ఏం పెట్టారు, దీని జన్యువులేంటి, ఏ గదిలో ఉంచారు అని. ఇవే ప్రశ్నలు మనిషిని చూసి అడగడానికి మనకి నోరు రాదు. ఎలుకల ప్రాణాలు తీసి తెచ్చుకున్న జ్ఞానంలోంచి మందులు మాత్రం తీసుకుని ఈ ఒక్కదాన్నీ వదిలేస్తే, ఆ ఉసురు ఊరికే పోయినట్టేనని నాకనిపిస్తుంది.

మందులంటే గుర్తొచ్చింది. 1996లోనే లండన్‌లో స్టీఫెన్ బ్లూమ్ బృందం జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ని ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే అవి తిండి తగ్గించాయి. ఆ హార్మోన్‌లా పనిచేసే మొదటి మందు గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలం నుంచి వచ్చి, 2005లో షుగరుకి అనుమతి పొందింది. ఆ దారిలోనే వచ్చిన వారానికోసారి ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వచ్చిన వెంటనే చుట్టాల్లో కొత్త సణుగుడు మొదలైంది: "అదేం గొప్ప, సూది వేయించుకుని తగ్గడం! కష్టపడి తగ్గాలి గానీ." బీపీ మాత్ర వేసుకునేవాళ్ళని కష్టపడి బీపీ తగ్గించుకోమని ఎవరూ అనరు. 

పోయిన నెల అమ్మకి డాక్టరు ఆ ఇంజెక్షన్ రాశాడు. పదిహేనేళ్ళుగా అమ్మకి ప్రతి డాక్టరూ చెప్పింది ఒకటే, నోరు కట్టుకోండమ్మా అని. కట్టుకుంది కూడా. పండక్కి అందరికీ బూరెలు వండి తను పుల్కా తినేది. ఇంజెక్షన్ పెట్టెలో మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసి నాకిచ్చింది.

"ఇందులో ఎలుకల గురించి ఏదో రాశారే. చదివిపెట్టు."

చదివాను. ఎలుకల థైరాయిడ్‌లో ఈ మందుతో గడ్డలొచ్చాయని ఉంది. మనుషుల్లో అలా అవుతుందని తేలలేదనీ, అయినా ఇంట్లో ఎవరికైనా ఆ రకం థైరాయిడ్ కేన్సర్ ఉంటే ఇది వాడకూడదనీ చెప్పాను. మన ఇంట్లో ఎవరికీ లేదని కాసేపు లెక్కలు వేసి తేల్చుకుంది.

"అయితే ముందు వాటికిచ్చి చూశారన్నమాట."

"చూశారమ్మా."

"తగ్గాయా?"

"తగ్గాయి."

"ఆపేస్తే?"

"మళ్ళీ పెరిగాయి. మనుషులూ అంతే. మందు మానేసిన ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది."

అమ్మ కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి పెట్టెలో పెట్టింది. పెట్టెని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన సర్దింది. తలుపు వేస్తూ, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు అంది.

"పాపం, వాటివల్లా కాలేదన్నమాట."